ఉప్పు వెన్నా, చప్పిడి వెన్నా: ఏ వంటకు ఏది, ఎంత

పొయ్యి మీదికి, పిండిలోకి, పాకంలోకి పోయే వెన్న చప్పిడిది కావాలి. వంటయ్యాక పైన వేసుకుని తినే వెన్న ఉప్పుదైనా ఫరవాలేదు. ఇంట్లో ఒక్కటే పెట్టుకునే వీలుంటే చప్పిడిదే తెచ్చుకోండి. చప్పిడి వెన్నకు ఉప్పు కలపడం నిమిషం పని. ఉప్పు వెన్నలోంచి ఉప్పు తీయాలంటే పూట పడుతుంది, తీశాక అది కేకుకి పనికిరాదు కూడా.

అయితే ఉప్పు ఒక్కటే చూస్తే చాలదు. వెన్నలో నీళ్లెన్ని ఉన్నాయి, బయట ఎండ ఎంత ఉంది, ఈ రెండూ చూడాలి. నెల్లూరు, ఒంగోలు ఎండల్లో వెన్న ఎలా మారుతుందో తెలియకపోతే సరైన వెన్న కొని కూడా కేకు పాడుచేసుకుంటాం.

చేతిలో ఉన్నది ఏ వెన్నో చూడండి

అట్టపెట్టె ముందు వైపు బొమ్మ చూసి కొనకండి, వెనక వైపు చదవండి. "కామన్ సాల్ట్" అని ఉంటే ఉప్పు వెన్న. "టేబుల్ బటర్" అని అమ్మేది మామూలుగా ఇదే. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం టేబుల్ బటర్‌లో కొవ్వు కనీసం 80 శాతం ఉండాలి, నీరు 16 శాతం, ఉప్పు 3 శాతం మించకూడదు. "వైట్ బటర్", "కుకింగ్ బటర్" అని రాసి ఉంటే ఉప్పు లేనిది, దానికి కొవ్వు 76 శాతం ఉన్నా సరిపోతుంది. అంటే కుకింగ్ బటర్‌లో నీళ్లు కాస్త ఎక్కువే ఉండొచ్చు. ఈ సంగతి వెన్నుండల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

రంగు చూసి తేల్చుకోకండి. పసుపుగా ఉన్న వెన్నంతా ఉప్పుది కాదు. ఆవు పాల వెన్న గడ్డిలోని కెరోటిన్ వల్ల సహజంగానే లేత పసుపు. బర్రె పాల వెన్న తెల్లగా ఉంటుంది. ప్యాకెట్ వెన్నకైతే చాలాసార్లు జాఫ్రా గింజల రంగు కలుపుతారు, అదీ లేబుల్ మీదే ఉంటుంది. "ఫ్యాట్ స్ప్రెడ్" అనీ, "మార్గరిన్" అనీ రాసినవి పక్కనే అదే రకం డబ్బాల్లో పెడతారు. అవి వెన్న కాదు. వాటితో నెయ్యి కాచబోతే మిగిలేది నూనె కొవ్వే.

ఎంత ఉప్పుందో తెలియాలంటే పోషక విలువల పట్టికలో 100 గ్రాములకు సోడియం ఎన్ని మిల్లీగ్రాములో చూసి రెండున్నరతో గుణించండి. సోడియం 800 అని ఉంటే ఉప్పు 2,000 మిల్లీగ్రాములు, అంటే 2 గ్రాములు. చప్పిడి వెన్న మీద కూడా కొద్దిపాటి సోడియం రాసి ఉంటుంది. అది పాలలోనిది, లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

ఉప్పు లెక్క

100 గ్రాముల ఉప్పు వెన్నలో 2 గ్రాముల ఉప్పు అనుకుందాం. మెత్తటి ప్యాకెట్ ఉప్పు తల కొట్టిన టీ స్పూనుకి సుమారు 6 గ్రాములు తూగుతుంది. కాబట్టి 100 గ్రాముల వెన్నలో మూడో వంతు టీ స్పూను ఉప్పు ఉన్నట్టు. 50 గ్రాములకు ఒక గ్రాము, అంటే మూడు వేళ్లతో పట్టే పెద్ద చిటికెడు. 100 గ్రాముల కడ్డీని ఏడు సమాన ముక్కలుగా కోస్తే ఒక్కో ముక్క ఒక టేబుల్ స్పూను, 14 గ్రాములు. అమెరికా వంటకాల్లో "ఒక స్టిక్" అంటే 113 గ్రాములు, "ఒక కప్పు వెన్న" అంటే 227.

చేయాల్సింది ఇంతే. వంటలో పడే వెన్న ఎన్ని గ్రాములో చూడండి, దానికి నూటికి రెండు చొప్పున ఉప్పు లెక్కగట్టండి, వంటకంలో చెప్పిన ఉప్పులోంచి అంత తీసేయండి. 250 గ్రాముల పనీరు కూరకి 50 గ్రాముల ఉప్పు వెన్న వేస్తే ఒక గ్రాము ఉప్పు వెన్నతోనే వచ్చేసింది. మీరు టీ స్పూను ఉప్పు వేసే చోట ముప్పావు స్పూనుకి కాస్త పైన వేయండి, దించే ముందు రుచి చూసి సరిచేసుకోండి.

రాళ్ల ఉప్పు వాడే ఇళ్లలో ఈ లెక్క స్పూనుతో కుదరదు. ఇసకపల్లి, చినగంజాం మడుల నుంచి వచ్చే ఉప్పు కళ్లు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వాటి మధ్య గాలి ఉంటుంది కాబట్టి అదే స్పూనుకి బరువు తక్కువ తూగుతుంది. కూరకైతే చేతి అలవాటు చాలు. బేకింగ్‌కి మాత్రం రాళ్ల ఉప్పును ఎండబెట్టి, మెత్తగా దంచి, తూచి వేయండి. గ్రాము తేడా తెలిసే చిన్న కాటా ఒకటి ఇంట్లో ఉంటే ఈ బాధంతా ఉండదు.

కారం దోసె మీద

నెయ్యి కారం దోసెకి నెయ్యే. దాన్ని మార్చమని చెప్పడం లేదు. కానీ ఇంట్లో పిల్లలు వెన్న దోసె అడిగినప్పుడు ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. పెనం బాగా కాలాక ఉప్పు వెన్న ముక్క పెనం మీద వేసి, దాని మీద పిండి తిప్పుతారు. వెన్నలోని పాల పదార్థం 150 డిగ్రీలు దాటితే త్వరగా మాడుతుంది, దోసె పెనం అంతకన్నా వేడిగానే ఉంటుంది. ముందు చుయ్యిమని నురగ వస్తుంది, అది ఆగీ ఆగకముందే నల్ల చుక్కలు పడతాయి. రెండో దోసె ఆ చుక్కలకు అతుక్కుని చిరుగుతుంది. మూడో దోసెకి పెనం గోకి, కడిగి, మళ్లీ మొదలుపెట్టాలి.

పెనానికి సగం కోసిన ఎర్రగడ్డతో నూనెగానీ నెయ్యిగానీ రుద్దండి. నెయ్యిలో పాల పదార్థం తీసేసి ఉంటుంది కాబట్టి 230 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. పిండి పలచగా తిప్పి, అంచులు లేచి పైతడి ఆరాక కారం పూయండి. మంట తగ్గించి అప్పుడు 10 గ్రాముల వెన్న దోసె మీద వేసి గరిటె వెనక వైపుతో కారంలో కలిసేట్టు రుద్దండి. వెన్న దోసె మీద కరగాలి, పెనం మీద కాదు. పైన పుట్నాలపొడి చల్లి మడిచి దించేయండి.

ఇప్పుడు ఉప్పు సంగతి. పిండిలో ఉప్పుంది, కారంలో ఉంది, పుట్నాలపొడిలో ఉంది. ఆరు దోసెలకి ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, చింతపండు వేసి నూరే కారంలో మామూలుగా అర టీ స్పూను ఉప్పు పడుతుంది, అంటే 3 గ్రాములు. ఆరు దోసెలకి 60 గ్రాముల ఉప్పు వెన్న అంటే ఇంకో 1.2 గ్రాములు. అందుకే ఉప్పు వెన్న వాడేరోజు కారంలో ఉప్పు మూడో వంతు స్పూనుకు తగ్గించండి. కారం ముందే నూరి పెట్టేసి ఉంటే ఇక తగ్గించేదేమీ లేదు, ఆ రోజు చప్పిడి వెన్నే వాడండి.

పెసరట్టు మీద, ఇడ్లీ మీద, రాగిసంగటి గుంటలో వేసుకునే వెన్నకి ఏదైనా ఒకటే. ఆవకాయ అన్నంలోకి మాత్రం ఇంటి వెన్నపూసకు సాటి లేదు. ఆవకాయకు కావలసిన ఉప్పు దాంట్లోనే ఉంది, వెన్న పని ఆ ఘాటును తగ్గించడం. ఉప్పు వెన్న వేస్తే ఘాటు తగ్గి, ఉప్పు పెరుగుతుంది.

ఏడాది లోపు పిల్లలకి పెట్టే అన్నంలో ఉప్పే వద్దంటారు కాబట్టి వాళ్లకి చప్పిడి వెన్నగానీ నెయ్యిగానీ పెట్టండి. బీపీ ఉన్నవాళ్ల సంగతి: పెద్దవాళ్లకి రోజు మొత్తం మీద ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. 20 గ్రాముల ఉప్పు వెన్నతో వచ్చేది 0.4 గ్రాములు. అది తగ్గించడం మంచిదే, కానీ పక్కన ఊరగాయ, అప్పడం, ఎండు చేపల కూర అలాగే ఉంచి వెన్న ఒక్కటే మార్చితే పెద్దగా ఒరిగేది లేదు.

రొయ్యలు

వెన్న, తెల్లగడ్డ వేసి చేసే రొయ్యల వేపుడుకి 250 గ్రాముల వలిచిన రొయ్యలు, 25 గ్రాముల వెన్న, ఒక స్పూను నూనె, ఆరు తెల్లగడ్డ పాయలు, మిరియాల పొడి చాలు. రొయ్యలు కడిగాక బట్టతో అద్ది తడి తీసేయండి. తడితో వేస్తే వేగవు, ఉడుకుతాయి. ముందు నూనెలో పెద్ద మంట మీద రెండు వైపులా ఒకటిన్నర నిమిషం చొప్పున వేయించండి. కొడవలిలా వంగితే వేగినట్టు, ఉంగరంలా చుట్టుకుపోతే ముదిరినట్టు. మంట తగ్గించి తెల్లగడ్డ వేసి అర నిమిషం తిప్పి, దించే ముందు వెన్న వేయండి.

ఇక్కడ ఉప్పు వెన్న బాగానే ఉంటుంది. 25 గ్రాముల్లో అర గ్రాము ఉప్పే కదా. పైన వేసే ఉప్పు మాత్రం పావు స్పూను దాటనివ్వకండి. రొయ్యకి సొంతంగానే కొంత ఉప్పదనం ఉంటుంది, ఉప్పు నీళ్లలో నానబెట్టి కడిగే అలవాటుంటే ఇంకొంచెం పట్టుకుంటుంది.

నెయ్యి కాయాలంటే

కాచేది చప్పిడి వెన్ననే. ఉప్పు వెన్న కాస్తే నెయ్యి ఉప్పగా అవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అవదు. ఉప్పు కొవ్వులో కరగదు. వెన్నలోని నీళ్లలో కరిగి ఉన్న ఉప్పు, ఆ నీళ్లు ఆవిరైపోయాక గింజలై అడుగుకు చేరుతుంది. పైన తేరిన నెయ్యి మామూలుగానే ఉంటుంది. పాడయ్యేది గసి, అంటే అడుగున మిగిలే పాల పదార్థం. అర కిలో ఉప్పు వెన్నలోని 10 గ్రాముల ఉప్పంతా ఆ రెండు స్పూన్ల గసిలోనే ఉంటుంది. వేడి అన్నంలో కలుపుకునే, చక్కెర వేసి పిల్లలకు పెట్టే గసి నోట్లో పెట్టుకోలేనంత ఉప్పుకషాయం అవుతుంది.

తప్పక ఉప్పు వెన్నే కాయాల్సి వస్తే చివర్లో గరిటె పెట్టి కలపకండి. దించి పది నిమిషాలు కదల్చకుండా ఉంచండి, పై నెయ్యిని పలచటి బట్టలోంచి మెల్లగా వంచుకోండి. అడుగున ఒక గరిటెడు మిగిలేదాకా వంచి ఆపేయండి.

ఏ వెన్నయినా కాచేటప్పుడు చెవి పెట్టి వినండి. మొదట నీళ్లు మరిగే చప్పుడు, పెద్ద పెద్ద బుడగలు. చప్పుడు తగ్గి బుడగలు సన్నబడ్డాక నెయ్యి అడుగు కనబడేంత తేటగా అవుతుంది. గసి గోధుమ రంగు తిరగ్గానే పొయ్యి ఆపి మునగాకు రెబ్బ వేయండి. గిన్నె వేడికి గసి ఇంకో మెట్టు ఎర్రబడుతుంది, ఆ లెక్క వేసుకునే ఆపాలి. 80 శాతం కొవ్వున్న అర కిలో వెన్నకి నెయ్యి 400 గ్రాముల లోపే వస్తుంది. అంతకన్నా బాగా తక్కువ వచ్చిందంటే ఆ వెన్నలో నీళ్లెక్కువ.

మైసూర్‌పాకు, సున్నుండలు, కజ్జికాయల్లోకి ఉప్పు వెన్న నెయ్యి వాడాల్సి వస్తే పూర్తిగా తేరినదే వాడండి. గసి చుక్క పడినా తీపిలో ఉప్పు తగులుతుంది.

వెన్నుండలు, మురుకులు

ఈ రెండింటిలో ఉప్పు కంటే నీరు ముఖ్యం.

వెన్నుండలకి బియ్యం రాత్రంతా నానబెట్టి, వడకట్టి, తడి ఉండగానే దంచి జల్లించిన పిండి 250 గ్రాములైతే వెన్న 50 గ్రాములు. వెన్నను ముందు పిండిలో పొడిపొడిగా రుద్దాలి. గుప్పిట్లో పట్టుకుంటే ఉండ కట్టి, వదిలితే విరగాలి. ఆ తర్వాతే నీళ్లు చిలకరించి ముద్ద చేయండి. నీళ్లోడే వెన్న వేస్తే పిండి వెన్న పట్టకముందే తడిసిపోతుంది. చూడ్డానికి ముద్ద బాగానే వచ్చినట్టుంటుంది గానీ నూనెలో పడ్డాక లోపలి తడి ఆవిరై, బయటికి దారి లేక ఉండ పేలుతుంది. పేలితే వేడి నూనె ముఖం మీదికి చిందుతుంది. ఇది చిన్న విషయం కాదు. అందుకే ఇంటి వెన్నగానీ కుకింగ్ బటర్‌గానీ వాడేముందు పలచటి బట్టలో పెట్టి గట్టిగా పిండండి. ఉండలు గోలికాయ కన్నా పెద్దవి చేయకండి, నూనె ఓ మాదిరిగా కాగాక వేసి సన్న మంట మీదే వేయించండి. మొదటి వాయిలో రెండే రెండు ఉండలు వేసి చూడండి. అవి పగలకపోతే మిగతావి ధైర్యంగా వేయొచ్చు.

ఉప్పు వెన్నతో చేసినా వెన్నుండలు పాడవవు. 50 గ్రాముల్లోని గ్రాము ఉప్పును బెల్లం పాకం మింగేస్తుంది. పిండిలో విడిగా ఉప్పు మాత్రం వేయకండి.

వెన్న మురుకులకి అర కిలో పిండికి 60 గ్రాముల వెన్న. అంతకు మించితే మురుకు నూనెలో విడిపోయి పొడి పొడిగా తేలుతుంది, నూనె కూడా పీలుస్తుంది. తగ్గితే పళ్లకి గట్టి. ఉప్పు ఒకటిన్నర టీ స్పూను వేసేవాళ్లు ఉప్పు వెన్నతో చేస్తే ఒకటింపావుకి ఆగండి.

కేకు, బిస్కెట్లు, బ్రెడ్డు

మైదాతో పోలిస్తే వెన్న ఎంత పడుతుందో చూడండి. మైదాలో పావు వంతు కన్నా తక్కువ వెన్న పడితే ఏ వెన్నయినా ఒకటే, అంతకన్నా ఎక్కువైతే చప్పిడిది కావాలి.

బ్రెడ్డుకి అర కిలో మైదా, 9 గ్రాముల ఉప్పు, 40 గ్రాముల వెన్న. ఉప్పు వెన్న వాడితే 0.8 గ్రాములు ఎక్కువ. ఉప్పు 8 గ్రాములకు తగ్గిస్తే అంతా సరి. ఉప్పు బాగా ఎక్కువైతే ఈస్టు నెమ్మదిస్తుంది, పిండి పొంగడానికి టైము పడుతుంది. కానీ ఇంత చిన్న తేడాకి ఏమీ కాదు.

కేకుకి లెక్క మారుతుంది. 200 గ్రాముల వెన్న, 200 చక్కెర, 200 మైదా, నాలుగు గుడ్లు, ఒకటిన్నర టీ స్పూను బేకింగ్ పౌడరు వేసే మామూలు వెన్న కేకుకి ఉప్పు పావు టీ స్పూను చాలు, 1.5 గ్రాములు. అదే మొత్తం ఉప్పు వెన్నతో చేస్తే 4 గ్రాములు పడుతుంది. తిన్న వెంటనే తెలియదు, మింగాక నాలిక మీద ఉప్పు నిలుస్తుంది. ఇంట్లో రెండు వెన్నలూ ఉంటే 75 గ్రాములు ఉప్పుది, 125 గ్రాములు చప్పిడిది తీసుకోండి. కావలసిన ఒకటిన్నర గ్రాములూ వచ్చేస్తాయి, విడిగా ఉప్పు అక్కర్లేదు. కోకో వేసిన కేకు ఇంకొంచెం ఉప్పు భరిస్తుంది, చేదు తగ్గి రుచి నిండుగా ఉంటుంది.

పైన పూసే బటర్ క్రీముకి మాత్రం ఉప్పు వెన్న అసలు వద్దు. 250 గ్రాముల వెన్నతో 5 గ్రాముల ఉప్పు, కాస్త తక్కువ టీ స్పూనెడు, పచ్చిగా అలాగే నోట్లోకి వస్తుంది. ఎక్కువైందని ఇంకా చక్కెర పోస్తే తీపి మొహం మొత్తుతుంది గానీ ఉప్పు పోదు.

ఉప్పు వెన్నే బాగుండే చోటు ఒకటుంది, టీలోకి తినే వెన్న బిస్కెట్లు. 100 గ్రాముల వెన్న, 60 పొడి చక్కెర, 150 మైదా, ఇంతే సరుకు. గుడ్డు లేదు, మసాలా లేదు, కాబట్టి ఆ 2 గ్రాముల ఉప్పే రుచినిస్తుంది. చప్పిడి వెన్నతో చేసి ఉప్పు మరిచిపోతే పిండి ముద్ద తిన్నట్టుంటుంది.

ఇక ఎండ సంగతి. ఇంగ్లీషు వంటకాల్లో "వెన్న గది వేడికి రావాలి" అని ఉంటుంది. వాళ్ల గది 20 డిగ్రీలు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే రోజుల్లో మన వంటింట్లో 38 డిగ్రీలుంటుంది, వెన్న 32 నుంచి 35 మధ్యలోనే కరిగిపోతుంది. గంటసేపు బయట పెట్టమంటే పెట్టి చూస్తే గిన్నెలో నూనె ఉంటుంది. కరిగిన వెన్న గాలిని పట్టుకోదు. చక్కెరతో ఎంతసేపు గిలకొట్టినా తెల్లబడదు, కేకు పొంగదు, అడుగున జిడ్డు పొర కడుతుంది. మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి గడ్డకట్టించినా ఆ వెన్న రవ్వరవ్వగానే ఉంటుంది.

వేసవిలో ఇలా చేయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్నని చిన్న ముక్కలు కోసి, 10 నుంచి 15 నిమిషాలు మాత్రమే బయట ఉంచండి. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి జిడ్డు మెరుపు అంటకూడదు. గిన్నెనీ, చక్కెరనీ ముందే పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఎలక్ట్రిక్ బీటరుతో ఐదారు నిమిషాలు, మధ్యలో అంచులు గీరుతూ. ముద్ద తెల్లబడి మీగడలా తేలికవ్వాలి. మెరుస్తూ జారుతున్నట్టుంటే వెంటనే ఆపి, గిన్నె కింద ఐసు నీళ్ల పళ్లెం పెట్టి మళ్లీ కొట్టండి. గుడ్లు ఒక్కొక్కటే వేయాలి, విరిగినట్టు కనబడితే ఒక స్పూను మైదా చల్లితే కలిసిపోతుంది. 170 డిగ్రీల దగ్గర 50 నుంచి 60 నిమిషాలు. డిసెంబరు, జనవరిల్లో ఇంత హడావుడి ఉండదు, అరగంట బయట పెడితే చాలు.

ఇంట్లో వెన్న తీసుకుంటే

అన్నిటికన్నా మంచి చప్పిడి వెన్న ఇదే, ఖర్చు కూడా వేరే లేదు. రోజుకి లీటరు బర్రె పాలు కాచే ఇంట్లో వారం మీగడకి, పాల చిక్కదనాన్ని బట్టి, 150 నుంచి 250 గ్రాముల దాకా వెన్న వస్తుంది.

1. కాచిన పాలు చల్లారాక ఆరేడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి మీగడ తీయండి. మొదటి రోజే డబ్బాలో ఒక స్పూను పెరుగు వేసి, దాని మీద రోజూ మీగడ చేరుస్తూ పోండి. పెరుగు వేయకుండా వారం ఉంచిన మీగడ చేదెక్కుతుంది, ఆ చేదు నెయ్యిలో కూడా పోదు.

2. చిలకడానికి ముందు బయట పెట్టి పులియనివ్వండి. చలికాలం ఆరు నుంచి ఎనిమిది గంటలు, వేసవిలో నాలుగు చాలు. తోడుకున్నాక మళ్లీ రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండాకాలం వెన్న పడటం లేదంటే ఎక్కువసార్లు ఈ చల్లబరచడం మానేయడమే కారణం.

3. మీగడకి సమానంగా ఐసు నీళ్లు పోసి కవ్వంతో చిలకండి. మిక్సీలో అయితే నాలుగైదు సెకన్లు తిప్పి ఆపుతూ ఉండాలి. ముందు నురగ, తర్వాత ఆవగింజంత పూసలు, ఆ తర్వాత కందిగింజంత. కందిగింజ దగ్గర ఆపండి. ఇంకా తిప్పితే పూసలన్నీ ఒక ముద్దై మజ్జిగని లోపల దాచుకుంటాయి, ఆ మజ్జిగే రెండో రోజుకి వెన్నని పులిపిస్తుంది.

4. మజ్జిగ వంచేసి ఐసు నీళ్లతో మూడుసార్లు కడగండి. మూడోసారి నీళ్లు తేటగా రావాలి. పళ్లెం వాల్చి, గరిటెతో నొక్కుతూ నీళ్లు కారనివ్వండి. గరిటె నొక్కిన చోట చుక్కలు కనబడకపోతే పనయిపోయినట్టు.

చప్పిడిదాన్ని ఉప్పుదిగా, ఉప్పుదాన్ని చప్పిడిగా

100 గ్రాముల మెత్తటి చప్పిడి వెన్నకి 2 గ్రాముల మెత్తటి ఉప్పు చల్లి ఫోర్కుతో కలిపి, గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ ఒకసారి కలపండి. వెన్నలో తడి తక్కువ కాబట్టి ఉప్పు కరగడానికి ఆ గంట కావాలి. రాళ్ల ఉప్పు వేస్తే పంటి కింద తగులుతుంది.

ఉప్పు తీయడానికి 200 గ్రాముల ఉప్పు వెన్న ముక్కల మీద 400 మిల్లీలీటర్ల వేడి నీళ్లు పోయండి. మరిగేవి కాదు, చేయి పెట్టి వెంటనే తీసేసేంత వేడి. వెన్న కరిగాక రెండు నిమిషాలు కలిపి, చల్లారనిచ్చి, మూడు నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఉప్పు నీళ్లతో అడుక్కి పోతుంది, కొవ్వు పైన బిళ్లకడుతుంది. బిళ్ల తీసి, అడుగు వైపు కడిగి, బట్టతో అద్దండి. ఇది నెయ్యికి, వెన్నుండలకి, కూరకి పనికొస్తుంది. కేకుకి, రొట్టె మీద పూయడానికి పనికిరాదు. వెన్న మెత్తదనమంతా కొవ్వులో నీళ్లు సన్నగా కలిసి ఉండటంలోనే ఉంది, ఒకసారి విడగొట్టాక అది తిరిగి రాదు.

నిల్వ

ఉప్పు వెన్న ఎక్కువ రోజులు ఎందుకు నిలుస్తుందంటే, నూటికి 2 గ్రాముల ఉప్పు కొవ్వంతటా పరచుకోదు, దాంట్లో ఉన్న 16 గ్రాముల నీళ్లలోకే చేరుతుంది. ఎనిమిది పాళ్ల నీళ్లకి ఒక పాలు ఉప్పు అన్నమాట. అంత ఉప్పు నీళ్లలో చెడగొట్టే సూక్ష్మజీవులు తేలిగ్గా పెరగవు. ఊరగాయ నిలవడానికీ కారణం ఇలాంటిదే. చప్పిడి వెన్నకి ఆ కాపు లేదు. ప్యాకెట్ తెరిచాక ఉప్పు వెన్నను ఫ్రిజ్‌లో మూడు నాలుగు వారాలు, చప్పిడిదాన్ని రెండు వారాలు, ఇంటి వెన్నను నాలుగైదు రోజులు వాడుకోవచ్చు. అంతకు మించి ఉంచాలంటే 50 గ్రాముల ముక్కలు చేసి, బటర్ పేపరులో చుట్టి ఫ్రీజర్లో పెట్టండి, రెండు నెలలకు భయం లేదు. వాడే ముందు రాత్రి కింది అరలోకి మార్చాలి.

కొట్టు నుంచి వెన్న మధ్యాహ్నం పూట తేకండి. పొద్దున్నేగానీ చీకటి పడ్డాక గానీ తెచ్చుకోండి, తడి గుడ్డలో చుట్టి సంచిలో అడుగున పెట్టండి. దారిలో ఒకసారి కరిగిన ప్యాకెట్ నెయ్యికి తప్ప దేనికీ పనికిరాదు.

వెన్న చుట్టూ ఉన్న వాసనంతా పీల్చుకుంటుంది, అందులో చప్పిడి వెన్న మరీ. ఎండు చేపలు, ఎండు రొయ్యలు ఫ్రిజ్‌లో పెట్టే ఇళ్లలో అట్టపెట్టెతో సహా వెన్నని మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టండి. మల్లెపూల పొట్లం పక్కన కూడా పెట్టకండి. కేకు ఓవెన్‌లోంచి తీయగానే మల్లెల వాసన వస్తే కారణం అదే.